ఆరడుగులు దాటినవాళ్లు బండికి విండ్‌షీల్డ్ ఎంచుకునేదెలా

చౌటుప్పల్ దాటి విజయవాడ రోడ్డెక్కి 80లో పోతుంటే, ఐదున్నర అడుగుల మనిషికి హాయిగా నడిచే బండే ఆరడుగుల ఒక అంగుళం మనిషికి నరకం చూపిస్తుంది. హెల్మెట్ టపటపా కొట్టుకుంటుంది, ఎదురుగా ఉన్న బోర్డు అక్షరాలు అదిరి కనిపిస్తాయి, నార్కట్‌పల్లి చేరేలోపు మెడ పట్టేస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే: దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగు విండ్‌షీల్డ్ కొని బిగించేస్తారు. దాంతో ఛాతీకి గాలి ఆగుతుంది గానీ తల ఊగడం చాలాసార్లు ఇంకా పెరుగుతుంది. పొడుగువాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేది ఎదురుగాలి కాదు, షీల్డ్ పైఅంచు దగ్గర చెదిరిన గాలి. అది మీ తలకు ఎక్కడ తగులుతోందో తెలుసుకోకుండా ఏ షీల్డ్ కొన్నా డబ్బు దండగే.

గాలి షీల్డ్ మీదుగా పాకి పైఅంచు దాటగానే సుడులు తిరుగుతుంది. షీల్డ్ వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఆ ఖాళీలోకి పక్కల నుంచి, కింద నుంచి గాలి దూరి ఆ సుడుల్ని ఇంకా రేపుతుంది. సగటు ఎత్తు మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైన షీల్డ్ అయితే ఈ సుడుల పట్టీ అతని తల మీదుగా పోతుంది. పొడుగు మనిషికి అదే పట్టీ సరిగ్గా గడ్డం దగ్గర, హెల్మెట్ కింది అంచుకు కొట్టి హెల్మెట్‌ను పైకి ఎత్తినట్టు చేస్తుంది. ఊళ్లో ఇది తెలియదు. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 నుంచి 80కి పోతేనే దాదాపు 1.8 రెట్లవుతుంది. అందుకే దుకాణం ముందు ఒక రౌండు కొట్టి బాగుందనుకున్న షీల్డ్ హైవే మీద మోసం చేస్తుంది.

కాబట్టి తల ఉండదగ్గ చోట్లు రెండే. ఒకటి, షీల్డ్ బాగా పొట్టిగా ఉండి గాలిని ఛాతీ దగ్గరే మళ్లించాలి, తల పూర్తిగా తేట గాలిలో ఉండాలి. రెండు, పైఅంచు కళ్లకు కొంచెం కిందిదాకా వచ్చి తల మొత్తం షీల్డ్ చాటున ఉండాలి. ఈ రెండిటి మధ్య, అంటే అంచు భుజాల ఎత్తులో ఆగేదే అన్నిటికంటే చెడ్డది. కంపెనీ నుంచి వచ్చే షీల్డ్‌లు చాలావరకు పొడుగువాళ్లకు ఈ మధ్యలోనే పడతాయి.

కొనకముందు చేయాల్సిన పరీక్ష

తెల్లవారుజామున, గాలి పెద్దగా లేని రోజున, రద్దీ లేని తిన్నని రోడ్డు చూసుకోండి. రోజూ తొడిగే హెల్మెట్టే, రోజూ వేసుకునే బూట్లే ఉండాలి. 70లో నిలకడగా పోతూ, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, మామూలుగా కూర్చున్న చోటి నుంచి నెమ్మదిగా తల కిందికి దించండి. ఒక దగ్గర హోరు ఒక్కసారిగా తగ్గి హెల్మెట్ కుదురుకుంటుంది. ఆ భంగిమ గుర్తుపెట్టుకోండి. తర్వాత ఫుట్‌రెస్టుల మీద బరువు మోపి కొంచెం కొంచెంగా పైకి లేవండి. ఇంకో దగ్గర ఊగడం ఆగి, హోరున్నా గాలి మాత్రం సాఫీగా తగులుతుంది. అదీ గుర్తుంచుకోండి.

ఇంటికొచ్చాక బండిని గోడ పక్కన డబుల్ స్టాండ్ మీద నిలపండి. డబుల్ స్టాండ్ లేని బండైతే ఒకరిని నిటారుగా పట్టుకోమనండి. సైడ్ స్టాండ్ మీద ఒరిగిన బండి మీద తీసిన కొలత దేనికీ పనికిరాదు. హెల్మెట్ పెట్టుకుని కూర్చుని మామూలు భంగిమలో ఒకటి, తల దించిన భంగిమలో ఒకటి, లేచిన భంగిమలో ఒకటి, హెల్మెట్ పైభాగం ఎత్తులో గోడ మీద సుద్దముక్కతో మూడు గీతలు గీయించండి. ఇక టేపు పెట్టి చూస్తే సరి.

దించాల్సింది 5, 6 సెంటీమీటర్ల లోపైతే ఉన్న షీల్డ్‌నే నిలబెట్టినా, కొంచెం ఎత్తు పెంచినా పని అయిపోతుంది. లేవాల్సింది 5, 6 సెంటీమీటర్ల లోపైతే పొట్టి షీల్డ్ మీకు నప్పుతుంది. దించాల్సింది 10 సెంటీమీటర్లు దాటితే పొడుగు షీల్డ్ ఆలోచన మానుకోవడమే మంచిది. అంత ఎత్తు పెంచితే అంచు మీ కళ్లకు అడ్డం వస్తుంది.

వెనక మనిషిని ఎక్కించుకుని తిరిగేవాళ్లు ఆ బరువుతోనే కొలవాలి. అప్పుడు మాత్రం డబుల్ స్టాండ్ తీసి, బండిని రెండు చక్రాల మీద నిటారుగా పట్టించాలి, స్టాండ్ మీదుంటే వెనక సస్పెన్షన్ కుంగదు. వెనక సస్పెన్షన్ కుంగితే బండి ముక్కు లేస్తుంది, షీల్డ్ వెనక్కి వాలుతుంది. ఒంటరిగా బాగున్న షీల్డ్ వెనక మనిషి ఎక్కగానే హోరెత్తడానికి కారణం ఇదే.

పైఅంచు ఎంత ఎత్తులో ఉండాలి

పొడుగు షీల్డ్ వైపే మొగ్గితే ఒక నియమం తప్పకూడదు: రోడ్డును షీల్డ్ మీదుగా చూడాలి, షీల్డ్ గుండా కాదు. వానలో నీటి బొట్లు, రాత్రి ఎదురు లారీ లైట్లు, ఎండిన పురుగుల మరకలు అన్నీ షీల్డ్ మీదే ఉంటాయి. దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు ఊరికో స్పీడ్ బ్రేకర్ ఉంటుంది, అందులో సగం వాటికి తెల్ల గీతలుండవు. దూరం ఒక్కటే కనపడితే చాలదు, దగ్గరి రోడ్డు కూడా కనపడాలి.

లెక్క సులువే. బండి మీద కూర్చున్నప్పుడు నేల నుంచి మీ కంటి ఎత్తు, కంటి నుంచి షీల్డ్ పైఅంచు దాకా అడ్డంగా ఉన్న దూరం కొలవండి. 185 సెంటీమీటర్ల మనిషి సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లున్న బండి మీద కూర్చుంటే కన్ను సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కంటికీ షీల్డ్‌కీ మధ్య 65 సెంటీమీటర్లు అనుకుందాం. 15 మీటర్ల ముందున్న రోడ్డు కనపడాలంటే చూపు గీత షీల్డ్ దగ్గరికి వచ్చేసరికి 7 సెంటీమీటర్లు దిగుతుంది, అంటే 153. దానికి ఇంకో 3 నుంచి 5 సెంటీమీటర్లు కింద అంచు ఉండాలి. గతుకుల మీద మీరు ఎగిరిపడతారు, గంట పోయేసరికి నడుము వంగి కొంచెం కుంగుతారు, ఆ తేడా కోసమే ఈ మిగులు. అంటే నేల నుంచి 148 నుంచి 150 దాకా. ఇప్పుడున్న షీల్డ్ అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి తీసేస్తే, ఎంత పొడుగు కావాలో తేలిపోతుంది. షీల్డ్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి నిలువుగా 8 సెంటీమీటర్లు కావాలంటే షీల్డ్ పొడవులో 10 దాకా పట్టొచ్చు.

నమ్మకం కుదరకపోతే అట్టపెట్టె కోసి, ఆ ఎత్తుకు ఉన్న షీల్డ్‌కు టేపుతో అంటించి, బండి నిలిపి ఉంచే చూపు సరిచూసుకోండి. అట్టతో రోడ్డెక్కొద్దు. గాలికి ఊడి మొహం మీద పడుతుంది.

సీటు ఎత్తు కూడా ఇందులో భాగమే. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు 765 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350ది 805, సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్‌ది 835. ఒకే మనిషి తల ఈ మూడు బండ్ల మీద మూడు ఎత్తుల్లో ఉంటుంది కాబట్టి, పక్కింటి తమ్ముడి బండికి బాగుందని అదే పొడవు మీదానికి కొనొద్దు. హిమాలయన్ 450 సీటు 825, 845 రెండు ఎత్తుల్లో పెట్టుకోవచ్చు. దాన్ని కింది ఎత్తుకు మార్చితే తల 2 సెంటీమీటర్లు దిగుతుంది, పైసా ఖర్చు లేదు. కాకపోతే పొడుగు కాళ్లవాళ్లకు మోకాళ్లు ఇంకా ముడుచుకుంటాయి, గంటకు మించి కూర్చునే ప్రయాణాలకు అది బాగుండదు.

కొత్తది కొనేముందు ఉన్నదాన్నే సవరించండి

పాత కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి బండ్లకు షీల్డ్ రెండు ఎత్తుల్లో బిగించేట్టు రంధ్రాలుంటాయి. బండి కొన్ననాటి నుంచి కింది రంధ్రాల్లోనే ఉంచి తిరిగేవాళ్లు ఎందరో. ముందు పైరంధ్రాలకు మార్చి 50 కిలోమీటర్లు నడిపి చూడండి.

తర్వాత వాలు. బోల్టు దగ్గర షీల్డ్‌కూ బ్రాకెట్‌కూ మధ్య నైలాన్ స్పేసర్ (బోల్టు దూరే చిన్న గొట్టం ముక్క) పెట్టి వాలు మార్చొచ్చు. పైబోల్టుల దగ్గర పెడితే షీల్డ్ నిటారుగా లేచి గాలిని పైకి విసురుతుంది. కింది బోల్టుల దగ్గర పెడితే వెనక్కి వాలి గాలి కిందికి దిగుతుంది. పై, కింది బోల్టుల మధ్య 12 సెంటీమీటర్లుంటే 10 మిల్లీమీటర్ల స్పేసర్‌తో వాలు దాదాపు 5 డిగ్రీలు మారుతుంది. 40 సెంటీమీటర్ల షీల్డ్‌కు అంచు ఇంచుమించు మూడున్నర సెంటీమీటర్లు జరిగినట్టు. దానికి తగ్గ పొడుగు బోల్టు వేయడం మరవద్దు. నట్టులో కనీసం ఐదారు మరలు పట్టకపోతే గతుకులకు ఊడుతుంది. 5 డిగ్రీలకు మించి ఒకేసారి మార్చకండి. మరీ నిటారుగా నిలబెడితే గాలి ఆపడం కంటే బండిని వెనక్కి లాగడమే ఎక్కువవుతుంది, మైలేజీ పడిపోతుంది.

మాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం కనిపించేది మాత్రం చాలామంది పట్టించుకోని చోట, షీల్డ్ కింద. నాలుగు బోల్టుల దగ్గరా 10 నుంచి 15 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టి షీల్డ్‌ను మొత్తంగా ముందుకు జరిపితే కింది అంచు దగ్గర సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి కొంచెం గాలి లోపలికి వచ్చి షీల్డ్ వెనక ఒత్తిడి తగ్గకుండా నింపుతుంది, సుడుల బలం పడిపోతుంది. ఛాతీకి చల్లగాలి కాస్త తగులుతుంది, అది మన ఎండలకు మేలే. తల ఊగడం మాత్రం బాగా తగ్గుతుంది. మీటర్‌కూ షీల్డ్‌కూ మధ్య మూసేసే రబ్బరు పట్టీ ఉంటే ఒకసారి తీసేసి నడిపి చూడండి.

ఆ తర్వాతే పైఅంచుకు క్లిప్పుతో పట్టే చిన్న డిఫ్లెక్టర్, అంటే గాలిని మళ్లించే ప్లాస్టిక్ రెక్క. అంచుకు ఆనించి పెట్టకుండా 2, 3 సెంటీమీటర్ల సందు వదిలితే ఆ సందులోంచి పోయే గాలి సుడిని సర్దుతుంది. 3 మిల్లీమీటర్ల పలచటి షీల్డ్‌కు ఇది పెట్టొద్దు. అంచు అల్లాడిపోయి క్లిప్పు దగ్గర పగులుతుంది. 4 మిల్లీమీటర్లున్నవాటికే పనికొస్తుంది.

ఇవన్నీ చేసినా ఊగుతుంటే షీల్డ్ మార్చడం గురించి ఆలోచించండి.

వెడల్పు, పక్కగాలి

పొడుగు సరిపోయినా కొన్ని షీల్డ్‌లు పైన కోసుగా సన్నబడిపోతాయి. వాటి పక్కల నుంచి లేచే సుడులు హెల్మెట్ చెవుల దగ్గర కొడతాయి. పూర్తి హెల్మెట్ వెడల్పు ఎంత తక్కువన్నా 25 సెంటీమీటర్లుంటుంది కాబట్టి, షీల్డ్ పైఅంచు దగ్గర 30 సెంటీమీటర్లకు తగ్గకుండా చూడండి. భుజాలు మొత్తం కప్పాలని మాత్రం ఆశపడొద్దు.

ఎందుకంటే జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర గాలి పడమటి దిక్కు నుంచి వీస్తుంది. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు పోయే రోడ్డు ఉత్తర దక్షిణంగా సాగుతుంది కాబట్టి, కర్నూలు వైపు పోయేటప్పుడు ఆ గాలి కుడిపక్క నుంచి తన్నుతుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద గాలికి అడ్డమంటూ ఏమీ ఉండదు. అక్కడ వెడల్పాటి షీల్డ్ తెరచాప అయిపోతుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ వచ్చే రోడ్డు మీద అదే గాలి ఎదురుగా కొడుతుంది, అక్కడ పెద్ద షీల్డ్ హాయిగా ఉంటుంది. మీరు ఏ రోడ్డు మీద ఎక్కువ తిరుగుతారో దాన్ని బట్టి నిర్ణయించుకోండి. పాలమూరు కర్నూలు రోడ్డే రోజూ మీదైతే, పొడుగు ఎంతున్నా వెడల్పు 40 సెంటీమీటర్ల చుట్టూ ఆపడం మేలని మా అభిప్రాయం.

హ్యాండిల్‌కు క్లాంపులతో బిగించే రకం కొనేటప్పుడు ఇంకా జాగ్రత్త. షీల్డ్ మీద పడే ప్రతి తోపూ నేరుగా హ్యాండిల్‌కు చేరుతుంది, పెద్దదైతే 80 దగ్గర హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. టైర్ గాలి తక్కువున్నా, స్టీరింగ్ బేరింగ్ వదులున్నా అది ఇంకా బయటపడుతుంది. ఫ్రేముకు, లేదా ఫ్రేము మీదున్న హెడ్‌లైట్ బ్రాకెట్‌కు బిగించే రకం ఉంటే అదే తీసుకోండి. నల్లగొండ దేవరకొండ లాంటి రెండు వరుసల రోడ్ల మీద ఎదురుగా టిప్పరు దూసుకుపోయినప్పుడు తగిలే గాలి గుద్దుకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఏ రకం ప్లాస్టిక్

యాక్రిలిక్ తేటగా ఉంటుంది, గీతలు తక్కువ పడతాయి, పాలిష్ చేయొచ్చు, కానీ దెబ్బ తగిలితే ముక్కలవుతుంది. పాలీకార్బొనేట్‌కు రాయి తగిలినా పగలదు, పైన గట్టి పూత లేకపోతే మాత్రం నెల తిరిగేసరికి గీతలమయం. కంకర టిప్పర్ల వెనక తిరిగేవాళ్లు పూత ఉన్న పాలీకార్బొనేట్ తీసుకోవాలి. మందం 4 మిల్లీమీటర్లు చూడండి. 45 సెంటీమీటర్లకు మించిన పొడుగు షీల్డ్ 3 మిల్లీమీటర్లదైతే 70 దాటగానే పైఅంచు అదురుతుంది, ఆ అదురు కూడా తలకే వస్తుంది. రంగు పొట్టివాటికి ఏదైనా ఫర్వాలేదు. కంటి దగ్గరిదాకా వచ్చేవాటికి రంగులేనిదే తీసుకోండి.

హైదరాబాద్ పుత్లీబౌలి స్పేర్ పార్టుల దుకాణాల్లో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా పైనున్న ప్లాస్టిక్ పొర వెంటనే పీకొద్దు. పొరతోనే ఊరికే నిలబెట్టి, రంధ్రాలు కుదిరాయో లేదో, అంచు మీ లెక్క ఎత్తుకు వచ్చిందో లేదో చూసి అప్పుడు తీయండి. తిరిగిచ్చే అవకాశం అప్పటిదాకే. ట్యూబ్‌లైట్ వెలుగును షీల్డ్ గుండా చూడండి, లైటు వంకర్లు పోయి కనిపిస్తే అది నాసిరకం అచ్చు.

బిగించడం

హ్యాండిల్ క్లాంపు కొనేముందు హ్యాండిల్ మందం కొలవండి. ఎక్కువ బండ్లకు 22 మిల్లీమీటర్లు, కొన్నిటికి 25, లావుపాటి హ్యాండిళ్లకు 28. 22 హ్యాండిల్‌కు పెద్ద క్లాంపు వేసి ట్యూబు ముక్క చుట్టి సర్దితే అది నెలలోపు తిరుగుతుంది.

షీల్డ్‌కూ బోల్టు తలకూ మధ్య రబ్బరు వాషర్, దాని మీద నైలాన్ వాషర్ ఉండి తీరాలి. ఇనుము నేరుగా ప్లాస్టిక్‌కు తగలకూడదు. రంధ్రం బోల్టు కంటే 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి. ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది: 40 సెంటీమీటర్ల యాక్రిలిక్ షీల్డ్ 30 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరుకు కాస్త తక్కువ పెరుగుతుంది. రంధ్రం బిగుతుగా ఉంటే మే నెలలో నల్లగొండ ఎండలో నిలిపిన బండికి మధ్యాహ్నానికి బోల్టు చుట్టూ నక్షత్రం లాంటి పగుళ్లు వస్తాయి. అన్ని బోల్టులూ చేతితో పట్టించి, షీల్డ్ సరిగ్గా మధ్యలో ఉందో చూసి, అప్పుడు ఎల్-కీతో అడ్డంగా ఒకటి విడిచి ఒకటి బిగించండి. రబ్బరు వాషర్ కొంచెం ఉబ్బగానే ఆపండి. మరలు వదులు కాకుండా వేసే లాక్ మందు (థ్రెడ్ లాకర్) వేయకండి. అది తగిలితే ప్లాస్టిక్ లోపలినుంచి చిట్లుతుంది. బదులుగా నైలాన్ ఉన్న లాక్ నట్టు వాడండి.

బిగించాక హ్యాండిల్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడండి. అంచు ట్యాంకుకు, అద్దాలకు, హ్యాండ్ గార్డుకు తగలకూడదు, క్లచ్ వైర్ లాగకూడదు, బ్రేక్ హోస్ నలగకూడదు. హారన్ స్విచ్ మీదికి బొటనవేలు స్వేచ్ఛగా పోవాలి. ఇంజన్ స్టార్ట్ చేసి హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజన్ స్పీడు పెరిగితే యాక్సిలరేటర్ వైర్ లాగుతోందన్నమాట, అలా రోడ్డెక్కొద్దు. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ చూడండి, రబ్బరు కుదురుకుని కొంచెం వదులవుతాయి. ఆ తర్వాత గోడ మీది సుద్దగీతల పరీక్ష ఇంకోసారి చేయండి. తల దించాల్సిన అవసరం రాకుంటే పని అయినట్టే.

ఎండ, పురుగులు, గీతలు

మే నెలలో రోడ్డు మీద 43 డిగ్రీల వడగాలి ఛాతీకి కొట్టకుండా పెద్ద షీల్డ్ ఆపుతుంది, కానీ ఊళ్లో ఇంజన్ వేడి దాని వెనకే నిలుస్తుంది. రెండు మూడు బోల్టులతో ఊడే రకమైతే ఎండాకాలం పొట్టిదానికి మార్చుకోవచ్చు. లోపలికి వంగిన షీల్డ్ ఎండను ఒకచోటికి పోగుచేసి మీటర్ ప్లాస్టిక్‌ను కాల్చగలదు. ఎండలో బండి నిలిపేటప్పుడు సీటు వైపు నుంచి ఎండ పడుతుంటే మీటర్ మీద ఒక గుడ్డ కప్పండి.

మొదటి వానల తర్వాత ఉసిళ్లు, వరి కోతల రోజుల్లో మిర్యాలగూడ వైపు సాయంత్రం పురుగులు షీల్డ్ నిండా అంటుకుంటాయి. పొడి గుడ్డతో రుద్దితే పురుగుతో పాటు ఇసుక కూడా గీసుకుంటూ పోతుంది. తడిపిన గుడ్డను 10 నిమిషాలు దాని మీద పరిచి, నానాక, కొన్ని చుక్కల షాంపూ కలిపిన నీళ్లతో మెత్తగా తుడవండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్, అమోనియా కలిసిన అద్దాల స్ప్రే వాడితే ప్లాస్టిక్ మసకబారి వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. బ్రేక్ ఆయిల్ చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి వదలరు. చలికాలం గేటు తీయగానే బయల్దేరితే షీల్డ్ మీద మంచు తడి పట్టి ఎదురు లైట్లు చెదురుతాయి. అంచు కంటికి కింద ఉన్నవాళ్లకు దాంతో ఇబ్బంది లేదు.

బోల్టు దగ్గర చిన్న పగులు కనిపిస్తే దాని కొసలో 2 మిల్లీమీటర్ల రంధ్రం వేయిస్తే కొన్నాళ్లు ఆగుతుంది, ఆ లోపు కొత్తది తెప్పించుకోవాలి. పగులు అంచుదాకా పాకితే ఆ షీల్డ్‌తో హైవే ఎక్కొద్దు. అది ఊడొచ్చేది మీ ఛాతీ మీదికే.